ఈగ ఏదో తేలాకే మందు

మామిడికాయ మీద సూదిమొనంత మచ్చను కోత రోజు ఎవరూ పట్టించుకోరు. మాగబెట్టాక దాని చుట్టూ మెత్తబడుతుంది. కోసి చూస్తే గుజ్జులో తెల్లటి పురుగులు! అది పండు ఈగ చేసిన పని. కాయ పక్వానికొచ్చే వేళ తల్లి ఈగ తోలు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గుజ్జులోకి చేరాక పైన కొట్టే మందు దాన్ని చేరడం కష్టం. కొల్లాపూర్‌లో లారీ ఎక్కి బాటసింగారం మార్కెట్‌లో దిగిన కాయలో లోపం చివరికి కొన్నవారి ఇంట్లో బయటపడుతుంది. ఆ నష్టం మాత్రం తరుగు పేరిట తిరిగొచ్చి రైతు నెత్తినే పడుతుంది.

దక్షిణ తెలంగాణ తోటల్లో ఈ ఈగపై పోరు కాయలు రాలాకే మొదలవుతోంది. అప్పటికే ఆలస్యం. ముందే పసిగట్టే సాధనం ఖరీదైనదేమీ కాదు. మిథైల్ యూజినాల్ అనే వాసన ద్రవంలో నానబెట్టిన చిన్న చెక్కముక్క ఉన్న బుట్టను కొమ్మ నీడన వేలాడదీస్తే మగ ఈగలు వచ్చి పడతాయి. రోజుకు బుట్టకు ఎన్ని పడ్డాయన్నదే లెక్క. అది వారం వారం ఎగబాకుతోందంటే తోట ప్రమాదంలో ఉన్నట్టే. రాలిన కాయలను ఏరి లోతుగా పూడ్చడం, బెల్లం కలిపిన ఎర మందు చల్లడం ఆ సమయంలో చేస్తేనే ఫలితం ఉంటుంది. రాలిన కాయను చెట్టు కిందే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, ప్యూపాగా మారి, మళ్లీ ఈగై లేస్తుంది.

లెక్కతోనే పని అయిపోదు, పడినది ఏ ఈగో తేలాలి. భూతద్దం కింద పెడితే తేడాలు కనిపిస్తాయి. మామిడిని ఎక్కువగా దెబ్బతీసే డోర్సాలిస్ రకం ఈగకు వీపు నల్లగా, పొట్ట మీద ఆంగ్ల 'టి' ఆకారంలో నల్లచార ఉంటుంది. జోనాటా అనే మరో రకం పండు ఈగ ఎర్రటి గోధుమ రంగులో ఉండి, రెక్క చివర విడిగా ఒక మచ్చ కనిపిస్తుంది. కాకర, బీర, దోస తోటలను పీడించే ఈగ మిథైల్ యూజినాల్‌కు రాదు, దానికి క్యూలూర్ ఎర కావాలి. మామిడి బుట్టను కాకర పందిరికి కట్టి, ఈగలు పడలేదు కాబట్టి బెడద లేదనుకుంటే మోసపోయేది రైతే.

నల్లగొండ బత్తాయి తోటల్లో చిక్కు ఇంకా పెద్దది. కాయకు రంధ్రం, చుట్టూ కుళ్లు, రాలుడు. ఇది పండు ఈగ వల్ల కావచ్చు, రాత్రిపూట వచ్చి రసం పీల్చే రెక్కల పురుగు వల్లా కావచ్చు. కాయ కోస్తే లోపల పిల్ల పురుగులుంటే ఈగ. లేకుండా, రంధ్రం దగ్గర నొక్కితే రసం చిమ్ముతుంటే రెక్కల పురుగును అనుమానించాలి. ఈ పురుగు పిల్లదశలో పెరిగేది బత్తాయి మీద కాదు, గట్ల వెంట పాకే తిప్పతీగ, దూసరతీగల మీద. ఆ తీగలను పీకేయాల్సిన చోట తోటంతా మందు కొడితే ఖర్చే మిగులుతుంది, కాయ మిగలదు. దుకాణదారు ఇచ్చిన డబ్బానే రైతుకు సలహాగా మారిన పరిస్థితి మమ్మల్ని కలచివేస్తోంది.

ఎగుమతుల సంగతీ మరువరాదు. పండు ఈగలు పట్టుబడ్డాయనే 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని, కాకర, పొట్ల, వంకాయలతో సహా నిషేధించింది. మామిడిపై ఆంక్ష 2015 ఆరంభంలో తొలగింది.

గట్టు దాటే ఈగకు ఒక్క రైతు బుట్ట చాలదు. 5 వేల ఎకరాలకో క్లస్టర్, దానికో రైతువేదిక, ఒక విస్తరణాధికారి ఉన్న రాష్ట్రమిది. పండ్లతోటలున్న ప్రతి క్లస్టర్‌లో బుట్టలు కట్టి, వారపు లెక్కను రైతువేదిక బోర్డు మీద రాయాలి. అనుమానమున్న ఈగలను పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలకు పంపి పోల్చుకునే ఏర్పాటు ఉద్యానశాఖ చేయాలి. మామిడి పిందె కట్టేది ఫిబ్రవరిలో. ఆ నాటికి బుట్టలు కొమ్మలకు ఉండాలంటే వాటి కొనుగోలు దసరాలోపు పూర్తి కావాలి, లెక్క రాసే సిబ్బందికి శిక్షణ సంక్రాంతికి ముందే ముగియాలి.