గెలిచినవాటి పేర్లే చెబితే ఎలా?

ఈ మధ్య విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అపార్టుమెంటు గ్రూపులో వచ్చింది, పాత విద్యార్థుల గ్రూపులో వచ్చింది, ఆఖరికి పెళ్లి సంబంధాల గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. దాని సారాంశం ఇది. బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దన్నారు, వచ్చాయి. సెల్‌ఫోన్ డబ్బున్నవాళ్ల షోకు అన్నారు, ఇవాళ అందరి చేతిలో ఉంది. ఫోనుతో డబ్బులు కట్టడమేంటని నవ్వారు, ఇప్పుడు బీసెంట్ రోడ్డులో పిన్నీసులు కొన్నా స్కానింగే. కొత్తదాన్ని అనుమానించినవాళ్లంతా ఓడిపోయారు కాబట్టి ఏఐని అనుమానిస్తున్నవాళ్లూ ఓడిపోతారు. భయం చదువులేనివాళ్లకే. ఉద్యోగాలు పోవు, మారతాయంతే. ఇప్పుడే ఎక్కండి, లేకపోతే బండి వెళ్లిపోతుంది.

ఏఐని నేనూ వాడతాను. నా గొడవ దానితో కాదు, ఈ వాదనతో.

ముందు బ్యాంకుల సంగతి. ఉద్యోగ సంఘాలు కంప్యూటర్లకు అడ్డం తిరిగిన మాట నిజమే. కానీ కథ అక్కడ ఆగలేదు. 1983లో బ్యాంకు యాజమాన్యాలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. యంత్రాలు ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, వాటి మీద పనిచేసేవాళ్లకు ఎంత అలవెన్సు ఇవ్వాలి అని కూర్చుని రాసుకున్నారు. 1984లో బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టడంపై రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. (ఆ రంగరాజనే తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరై, ఆపైన మన రాష్ట్రానికీ గవర్నరుగా వచ్చారు.) కంప్యూటర్లు విడతలుగా, బేరాల మీద వచ్చాయి. దీన్ని ఓటమి అనాలంటే బేరమాడి చీర కొన్న ఆవిడ కూడా ఓడిపోయినట్టే.

సెల్‌ఫోన్ మాట ఇంకా విచిత్రం. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఆ రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా చార్జీ. పైగా ఫోన్ చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ బిల్లు పడేది. అలాంటి వస్తువును డబ్బున్నవాళ్ల షోకు అంటే అందులో తప్పేముంది? అది అప్పటికి అక్షరాలా నిజం. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది, రేట్లు పడిపోయాయి, జనం ఎగబడి కొన్నారు. ఈ ఎనిమిదేళ్లలో మారింది జనం బుద్ధి కాదు, ధర. కాల్ ధర భరించలేని జనమే మిస్డ్ కాల్ అనే పద్ధతిని కనిపెట్టారు. అది ఏ కంపెనీ ప్రకటనలోనూ లేదు.

యూపీఐ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ సందేశం రాసినవారు దీన్నే బ్రహ్మాస్త్రంలా వాడారు. యూపీఐ 2016లో మొదలైంది, అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. అయినా కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలమ్మేవాళ్లు ఆ మర్నాడే స్టిక్కర్లు అంటించేయలేదు. వాళ్లు అడిగిన ప్రశ్నలు చాలా సూటివి. డబ్బు పడిందో లేదో నాకెలా తెలుస్తుంది? కమీషన్ ఎంత కోస్తారు? రాత్రికి సరుకు కొనడానికి చేతిలో నగదు ఎక్కడిది?

మొదటి ప్రశ్న ఉత్త అనుమానం కాదు. రద్దీలో ఫోన్ తెర చూపించి, పాత స్క్రీన్‌షాటో నకిలీ యాపో పెట్టి సరుకు పట్టుకుపోయే మోసాలు వచ్చాయి. చేతులు తడిగా, బేరాలు మీద పడుతుండగా ఎస్ఎంఎస్ తెరిచి చదివే తీరిక ఎవరికుంటుంది? ఆ ప్రశ్నకు జవాబే "ఇరవై రూపాయలు స్వీకరించబడ్డాయి" అని అరిచే సౌండ్ బాక్సు. అది 2019 నుంచి దుకాణాల్లోకి వచ్చింది. ఆ తెలుగు ఎంత కృతకంగా ఉన్నా, పని మాత్రం చక్కగా చేస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు 2020 జనవరిలో వచ్చింది. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర చార్జీ తీసుకోకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. కార్డు గీకే యంత్రానికి అద్దె, కమీషన్ రెండూ కట్టాలి. క్యూఆర్‌కు కాగితం ముక్క చాలు. మరి ఇక్కడ ఎవరు ఎవరి మాట విన్నట్టు? దుకాణదారులు ఓడిపోయి దారికి రాలేదు. వాళ్ల ముఖ్యమైన సందేహాలు తీరాక వచ్చారు.

ఇప్పుడు అసలు తిరకాసు. ఈ సందేశంలో ఉన్నవన్నీ గెలిచినవే. ఓడిపోయినవి ఏవీ?

2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో ఆకాశ్ అనే చవక ట్యాబ్లెట్ విడుదల చేసింది. విద్యార్థుల భవిష్యత్తు మారిపోతుందన్నారు. అందులో 256 ఎంబీ ర్యామ్, గోటితో గట్టిగా నొక్కితే తప్ప పలకని తెర. చేతిలో పట్టుకున్న పిల్లలు పెదవి విరిచారు. వాళ్లదే సరైన తీర్పు. 2010 తర్వాత త్రీడీ టీవీలు వచ్చాయి, ఇంట్లో అందరూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని సీరియల్ చూస్తారన్నారు. 2017కల్లా పెద్ద కంపెనీలే తయారీ ఆపేశాయి. 2001లో నగరాల రూపురేఖలే మార్చేస్తుందని సెగ్వే అనే రెండు చక్రాల బండిని తెచ్చారు, 2020లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఫేస్‌బుక్ కంపెనీ 2021లో మెటావర్స్ అనే కంప్యూటర్ ఊహాలోకం కోసం పేరే మార్చుకుంది, మరుసటి ఏడాది ఆ విభాగంలో 1,300 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది. వీటిని చూసి "మనకెందుకులే" అన్నవాళ్ల గురించి ఎవరూ ఫార్వర్డులు రాయరు. డబ్బు మిగుల్చుకున్నవాడి కథ చప్పగా ఉంటుంది మరి.

"భయం చదువులేనివాళ్లకే" అన్న ముక్క చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా చిరాకేసింది. రేషను షాపుల్లో వేలిముద్ర యంత్రాలు 2015లో ముందుగా మొదలైన చోట్లలో మన కృష్ణా జిల్లా ఒకటి. సిమెంటు పని చేసేవాళ్లకూ, నలుగురిళ్లలో అంట్లు తోమేవాళ్లకూ, ముసలివాళ్లకూ వేళ్ల గీతలు అరిగిపోయి ముద్ర పడేది కాదు. వాళ్లు "ఈ మిషన్ మాకొద్దు" అంటే అది భయం కాదు, బియ్యం. ఆ ఫిర్యాదులు వచ్చాకే రెండు వేళ్లు కలిపి సరిచూడటం, కనుపాప స్కానర్లు, చివరికి వీఆర్వో తన వేలిముద్ర వేసి సరుకు ఇప్పించే వెసులుబాటు వచ్చాయి. లోపం ఇంజినీర్లకన్నా ముందు క్యూలో నిలబడినవాళ్లకు తెలిసింది.

ఎలక్ట్రిక్ స్కూటర్లూ అంతే. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో, ముందురోజే కొన్న స్కూటర్ బ్యాటరీ పడకగదిలో చార్జింగ్‌లో ఉండగా పేలి ఇంటి యజమాని చనిపోయారు. ఆ తర్వాత ఊళ్లో చాలామంది బండి కొనేముందు "బ్యాటరీ ఎక్కడ పెట్టి చార్జింగ్ చేయాలి?" అని అడగడం మొదలుపెట్టారు. ప్రభుత్వం కూడా బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. కొత్త నిబంధనలు ఆ డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అడిగినవాళ్లను పిరికివాళ్లు అందామా?

చదువుకున్నవాళ్ల సంగతీ చూద్దాం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. ఎయిర్ కెనడా విమానయాన సంస్థ చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పుడు సమాచారం చెబితే, చాట్‌బాట్ మాటలకు బాధ్యత చాట్‌బాట్‌దేనన్న ధోరణిలో కంపెనీ వాదించింది. 2024లో ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, నష్టపరిహారం ఇమ్మంది. "తప్పు చెబితే ఎవరిని పట్టుకోవాలి?" అని మన కిరాణా కొట్టాయన అడిగితే అది పాతకాలపు బుద్ధి, ట్రిబ్యునల్ అడిగితే న్యాయం. ఇదేం లెక్క?

ఇక ఉద్యోగాలు పోవు, మారతాయంతే అన్నది. ఈ మాట విజయవాడలో అనడానికి ధైర్యం కావాలి. తెలుగు పుస్తకాలకు పుట్టిల్లు లాంటి ఊరు ఇది. ఒకప్పుడు ఇక్కడి ప్రెస్సుల్లో కంపోజిటర్లు గుణింతాలూ వత్తులూ వేరువేరు గళ్లలో ఉన్న టైపు కేసుల ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి పేర్చేవారు. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పద్ధతి, వచ్చాక పని పోలేదు, నిజమే, పేజీలు ఇంకా పెరిగాయి. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎక్కువగా ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు. యాభై దాటిన కంపోజిటర్లలో బైండింగ్‌కు మళ్లినవాళ్లున్నారు, ఇంటికి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఉద్యోగం మారింది అంటే, ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి పోయి ఇంకొకడు వచ్చాడని కూడా. ఇవాళ గవర్నరుపేటలో పెళ్లికార్డులు డిజైన్ చేసే కుర్రాడు "నాకెంతకాలం?" అని అడిగితే, ఆ ప్రశ్నకు "మారతాయంతే" అన్నది జవాబు కాదు. నేర్పించేదెవరు, ఆ మధ్యకాలంలో ఇల్లు గడిచేదెలా అన్నవి చెబితే అప్పుడు జవాబు.

చివరిగా, బండి వెళ్లిపోతుందట. 2003లో సెల్‌ఫోన్ కొన్నవాడు 1995లో కొన్నవాడికంటే పోగొట్టుకున్నదల్లా ఆ పదహారు రూపాయల బిల్లులు. 2016లో యూపీఐ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ, నాలుగైదేళ్లు ఆగి పెట్టుకున్న పునుగుల బండి ఆవిడకూ ఇవాళ ఉన్నది అదే క్యూఆర్. తొందరపడి ఎక్కినవాళ్లూ ఉన్నారు: 2021లో ట్విట్టర్ తొలి ట్వీటు ఎన్ఎఫ్‌టీని (అది తనదని చెప్పుకునే డిజిటల్ పత్రాన్ని) 29 లక్షల డాలర్లకు కొన్నాయన మరుసటి ఏడాది అమ్మకానికి పెడితే పదో వంతు ధర కూడా పలకలేదు.

అయినా "ఇప్పుడే" అని అంత ఒత్తి చెప్పడానికి కారణం సందేశం కిందే ఉంది. వారాంతపు ఏఐ కోర్సుకు లింకు ఇచ్చారు. తగ్గింపు ధర ఈ రాత్రి పన్నెండు గంటల వరకేనట. పోయిన నెల వచ్చిన సందేశంలోనూ అదే రాసి ఉంది.