సవరణ: బలపాలు తినాలనిపిస్తే కాల్షియం లోపం అన్న మాట గురించి

పోయిన వారం పోస్టులో బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం తినాలనిపిస్తే ఒంట్లో కాల్షియం తగ్గినట్టే, కాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుంది అని రాశాను. అది తప్పు, చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న మాటను సరిచూసుకోకుండా రాసేశాను.

రక్త సంబంధ జబ్బులు చూసే ఒక డాక్టరు గారు అది చదివి చెప్పారు, తర్వాత వైద్య పుస్తకాల్లోనూ చూశాను. ఈ అలవాటును పైకా అంటారు. అందరిలో కాకపోయినా, చాలామందిలో దీని వెనక ఉండేది ఐరన్ లోపం. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసుకుని రోజంతా కరకరా నమిలేవాళ్ల సంగతీ అంతే. హిమోగ్లోబిన్ ఇంకా బాగానే ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే లెక్క, పడిపోయి ఉండొచ్చు కాబట్టి రక్త పరీక్షలో రెండూ చూపించుకోవాలి. పైగా కాల్షియం, ఐరన్ మాత్రలు కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు, అంటే నేను చెప్పిన సలహా మేలు చేయకపోగా అసలు జబ్బును ఇంకొన్నాళ్లు దాచిపెట్టేది.

ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా తెలుసుకోవాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, పేగుల్లో చేరి రక్తం పీల్చే కొంకి పురుగులు, గోధుమలు పడని సీలియాక్ జబ్బు, ఇలా చాలా ఉంటాయి. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో అయితే కడుపులో పుండు నుంచో పెద్దపేగు క్యాన్సర్ నుంచో కొంచెం కొంచెంగా రక్తం పోతుండొచ్చు, అది కంటికి కనపడదు.

పాత పోస్టులో ఆ పేరా తీసేశాను. దాన్ని ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.