అయిదుకు అయిదు

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి. మొన్న వాడి ప్రోగ్రెస్ కార్డులో లెక్కలు, సైన్సు కింద కొత్త గడి ఒకటి వెలిసింది: 'అంతర్ సాంస్కృతిక సామర్థ్యం'. మావాడికి అయిదుకు అయిదు. అక్క ఆ కార్డును ఫ్యామిలీ గ్రూపులో పెట్టి 'దిష్టి పెట్టకండి' అని రాసింది.

ఈ సామర్థ్యాన్ని ఏ తక్కెడలో తూచారంటే, ఒక ఫారం ఇచ్చారట. 'ఇతర సంస్కృతుల వారిని నేను గౌరవిస్తాను.' పక్కన అయిదు సున్నాలు. మావాడు ఒలింపియాడ్ కోచింగు బిడ్డ, ప్రశ్న చదవకుండానే జవాబు వాసన పట్టేస్తాడు. వరసగా అయిదో సున్నా దిద్దుకుంటూ పోయాడు. పక్క బెంచీ పిల్ల మాత్రం 'కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయం లేదు' అన్నచోట నిజం ఒప్పేసుకుని రెండు మార్కులతో ఇంటికెళ్లింది. పరాయి సంస్కృతిని అర్థం చేసుకోవడానికి తెలివి ఒక్కటే చాలదు, కొత్తదాన్ని చూసి ముడుచుకుపోని స్వభావమూ ఉండాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. పాపం, మావాణ్ని చూడలేదు. 2018లో దేశదేశాల బడిపిల్లల చదువును తూచే 'పీసా' పరీక్ష వాళ్లు కూడా పదిహేనేళ్ల పిల్లలకు ఇలాంటి పరీక్షే పెడితే అమెరికా, జర్మనీ, జపాన్ రాయకుండా తప్పుకున్నాయి. కోచింగు సెంటర్లు లేని దేశాలు కాబోలు.

ఇక ప్రాక్టికల్స్. ఒకరి సంస్కృతి ఒకరికి తెలియాలని రాష్ట్రాలను జతకట్టే కేంద్ర పథకం 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్'లో తెలంగాణకు జత హర్యానా. కాబట్టి స్కూల్లో హర్యానా డే. హర్యానా ఎలా ఉంటుందో స్టాఫ్‌రూములో ఎవరికీ తెలీదు. 'పంజాబ్ లాంటిదే కదా మేడమ్' అని పీఈటీ సారు తేల్చేశారు. అంతే! ముప్పైమంది బుడ్డోళ్లు పిన్నీసులతో తలపాగాలు బిగించి, కాటుకతో మీసాలు దిద్దుకుని, హర్యానా పేరు మీద భాంగ్రా ఆడారు. చెమటకు మీసాలు మెడదాకా జారాయి. స్టాల్లో ఛోలే భటూరే. నిజంగా రోహ్‌తక్ నుంచి వచ్చిన తల్లి ఒకావిడ మూడో వరసలో కూర్చుని మర్యాదగా చప్పట్లు కొట్టింది. ఆవిణ్ని ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు. ఢిల్లీలో ఎవడైనా మనల్ని 'మద్రాసీ' అంటే మాత్రం మనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సాయంత్రం మావాడు బాల్కనీలోంచి చెయ్యి చూపించాడు. 'మామయ్యా, ఆ బీహారీ పిల్ల మా లిఫ్టు ఎక్కింది.'

'ఒడిశా రా.'

'ఏదో ఒకటిలే.'

ఏదో ఒకటా? పక్క బిల్డింగులో సిమెంటు మోసే వాళ్ల కూతురు అది. బొలంగీర్ నుంచి వచ్చింది, పదేళ్లుంటాయి. అమ్మతో ఒడియా, సూపర్‌వైజర్‌తో హిందీ, కిరాణా కొట్లో తెలుగు. ఏ కోచింగూ లేదు. బడీ లేదు. టీసీ లేదని తిప్పి పంపేశారు! టీసీ లేదన్న సాకుతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో రాసే ఉంది. హర్యానా డేకి అద్దె తలపాగాలు తెచ్చిన చేతులకు ఆ చట్టం పేజీ తిప్పడానికి బద్ధకం. సిగ్గులేదూ!

ఆదివారం అక్కవాళ్లింట్లో టైల్స్ వేయడానికొచ్చిన కుర్రాడికి ఒడియా తప్ప ఏదీ రాదు. అక్క ఆ పిల్లనే పిలిపించి గంటసేపు మాట్లాడించుకుంది. పని చెప్పడం అయ్యాక, నిన్నటి భటూరే రెండు కాగితంలో చుట్టి, గుమ్మం బయటే నిలబెట్టి చేతిలో పెట్టింది.