సెల్ఫ్ కొడుతుంది, బండి అందుకోదు

కారు మొరాయించడంలో రెండు రకాలున్నాయి. తాళం తిప్పగానే ‘టిక్’మని ఒక్క శబ్దం చేసి ఊరుకునేది మొదటి రకం, దానితో పెద్ద పేచీ లేదు, బ్యాటరీనో దాని తీగలనో చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. సెల్ఫ్ హుషారుగా కొడుతూ, ఇంజను గిర్రున తిరుగుతూ, ఇదిగో అందుకుంటున్నానన్న ఆశ కల్పిస్తూనే అందుకోకుండా ఉండేది రెండో రకం. పిలిచిన ప్రతిసారీ పలికి, మర్యాదగా మాట్లాడి, అప్పు మాత్రం తీర్చని మనిషి వంటిది అది.

మొన్న ఆదివారం ఉదయం నా కారు ఈ రెండో రకంలో చేరింది. తాళంచెవి పాత డొప్ప పగిలిపోయిందని ముందురోజు రాత్రే కొత్త డొప్ప తెప్పించి, లోపలి బొత్తాల పలకనూ ఇనుప నాలుకనూ అందులోకి మార్చి, జన్మలో ఊడకుండా అంచుల వెంట జిగురు పూసి మరీ అతికించిన నేను, ఆ హస్తకౌశలాన్ని నలుగురికీ చూపించాలన్న ఉత్సాహంతో బయలుదేరాను. బొత్తాం నొక్కితే తలుపులు వినయంగా తెరుచుకున్నాయి. ఇంజను మాత్రం ఎంత తిప్పినా అందుకోలేదు.

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టరాదనీ, మధ్యలో దానికి కాస్త ఊపిరి ఇవ్వాలనీ నాకు తెలుసు. ఆ విరామంలోనే మా బావమరిది వచ్చాడు. “బావగారూ, కంగారెందుకు? గాలి, పెట్రోలు, నిప్పు. ఈ మూడూ వేళకు కలిస్తే ఏ ఇంజనైనా మండక ఏం చేస్తుంది?” అన్నాడు, సొంత బండి లేనివారికి మాత్రమే సాధ్యమయ్యే నిబ్బరంతో.

మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 10కి దిగువకు పోలేదు, అంటే బ్యాటరీ తప్పేమీ లేదు. పెట్రోలు ముల్లు సగం దగ్గర నిలిచి ఉన్నా, ముల్లు అబద్ధమాడవచ్చునని పక్కింటి పెద్దాయన గోడ మీదుగా హెచ్చరించారు. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు సంగతి తేల్చుకోవడానికి నేను వెనుక సీటు మీద చెవి ఆనించి బోర్లా పడుకున్నాను. బావమరిది తాళాన్ని ఆన్ దాకా తిప్పగానే రెండు సెకన్లపాటు తుమ్మెద ఝంకారం వినిపించింది. “వినబడుతోంది, వినబడుతోంది!” అని నేను కేక వేసిన ఆ క్షణంలో, ఆ భంగిమలో, ఎవరెవరు చూశారో విచారించే ధైర్యం నాకు లేదు.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజను వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా లేచింది కనుక, ఇంజను తిరుగుతోందని కబురు చెప్పే క్రాంక్ సెన్సారు బతికే ఉందనుకున్నాము. పెట్రోలు ఎక్కువై, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు తడిశాయేమోనన్న అనుమానంతో, ఎక్సలరేటరును నేలదాకా తొక్కి పట్టి కొట్టి చూశాము. అలా తొక్కితే చాలా బండ్లలో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మడం మానేసి లోపలి తడి ఆరుతుంది. ఫలితం లేదు. చివరికి ప్లగ్గు ఒకటి విప్పితే అది ఎముకలా పొడిగా ఉంది. తడిసిన ప్లగ్గును తుడవవచ్చు గానీ, పొడి ప్లగ్గును ఏం చేయాలో మా ఇద్దరికీ తోచలేదు. పంపు తిరుగుతున్నా ఇంజెక్టరు చిమ్మడం లేదంటే, చిమ్మవద్దని ఎవరో ఆజ్ఞాపిస్తున్నారన్నమాట. అంతదూరం సరిగ్గానే ఆలోచించి, ఆ ఆజ్ఞ ఎక్కడిదో వెతకడానికి ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా పీకడం మొదలుపెట్టాము.

అప్పుడు మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, “ఏమండీ, ఆ మీటర్ల పక్కన తాళంచెవి బొమ్మ ఒకటి పొద్దున్నుంచీ ఎర్రగా మిణుకుమంటోంది, దానికేమైనా అర్థం ఉందా?” అని అడిగింది.

ఉంది. దొంగల నుంచి కాపాడే ఇమ్మొబిలైజరు దీపం అది. తాళంచెవి డొప్పలో చిన్న చిప్ ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు, తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట రేడియో తరంగాలతో తట్టి లేపితే తన సంకేతం చెబుతుంది. ఆ సంకేతం అందకపోతే నా బండిలో సెల్ఫ్ కొడుతుంది గానీ, పెట్రోలూ నిప్పూ బందు. తలుపులు తెరిచే బొత్తాల పలకకూ దీనికీ సంబంధం లేదు. అంటే నేను రాత్రి పలకనూ నాలుకనూ శ్రద్ధగా మార్చి, చిప్‌ను పాత డొప్పలోనే వదిలేశాను. అప్పటినుంచీ కారు దృష్టిలో నేను దొంగను. మూడు గంటలుగా అనుచరుడితో సహా బానెట్ ఎత్తి ప్లగ్గులు విప్పుతూ ఆ అభిప్రాయాన్ని బలపరుస్తూ వచ్చాను.

పాత డొప్పను నేను చెత్తబుట్టలో పడేస్తే, మా ఆవిడ తీసి తన సొరుగులో దాచిందట. ప్లగ్గునూ ఫ్యూజులనూ యథాస్థానంలో బిగించి, ఆ డొప్పను తాళం రంధ్రానికి ఆనించి తిప్పగానే ఇంజను అందుకుంది. “చూశారా బావగారూ, నేను చెప్పిన మూడింటిలో రెండు రాలేదు!” అని బావమరిది సంతోషించాడు.

చిప్‌ను కొత్త డొప్పలోకి మారుద్దామని ఆ రాత్రే కూర్చున్నాను. ఎంత ప్రయత్నించినా అది తెరుచుకోలేదు. ప్రస్తుతానికి రెండు డొప్పలనూ రబ్బరు బ్యాండుతో కట్టి తిరుగుతున్నాను. జిగురు పని మాత్రం నిజంగానే బాగా చేశాను.