వెంచర్ క్యాపిటల్ చదవాలంటే కొండపి రండి

టెక్నాలజీలో పెట్టుబడులు ఎటు పోతన్నాయో కనిపెట్టడానికి అమెరికా చదువులు కావాలని మనోళ్ళు ఊరికే భయపడతన్నారు గానీ, మేనల్లుడు పాసు ఇప్పిస్తే హైదరాబాదులో ఒక వెంచర్ క్యాపిటల్ (అంటే కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బులు పెట్టేవోళ్ళ) కాన్ఫరెన్సు చూసొచ్చిన అనుభవంతో, పూర్తి బాధ్యతతో చెప్తన్నా, ఒంగోలు, కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో ఒక్క సీజను నిలబడినోడికి అక్కడ కొత్తగా నేర్చుకునేదేం లేదు.

స్టేజీ మీద కుర్రాడు స్లైడ్లు తిప్పుతా ఉంటాడు, కింద కొనేవోళ్ళు మాత్రం స్లైడు చూడరు, పక్కోడి మొహం చూస్తారు. వాడు తలూపితే వీళ్ళూ ఊపుతారు, వాడు ఫోన్ చూసుకుంటే ఇంక నోబిడ్డే, అంటే ఎవురూ పాట పాడరు. మన పొగాకు బయ్యర్లు ఎంత సిండికేట్ అయినా పాపం బేలులో (పొగాకు కట్టలో) చెయ్యి పెట్టి ఒక ఆకన్నా లాగి చూస్తారు.

2021లో ఫేస్‌బుక్కు మెటా అని పేరు మార్చుకోగానే అందరూ మెటావర్సే (కంప్యూటర్లో కట్టే ఉత్తుత్తి లోకం) సాగు చేశారంట, 2022 నవంబర్లో చాట్‌జీపీటీ రాగానే దాన్ని దున్నేసి ఏఐ నాటారు. అల్లూరు రొయ్యల గుంటల్లో టైముకి మేత చల్లే మెషీన్ని కూడా ఒకబ్బాయి ఏఐ అన్నాడు. ‘అది టైమర్ కదా నాయనా’ అన్నా. ‘కరెక్టే అంకుల్, కానీ టైమర్ అంటే ఎవురూ డబ్బులివ్వరు’ అన్నాడు. నిజాయితీపరుడు, పైకొస్తాడు.

ఇంక వాళ్ళ లెక్క వినండి. పదింట్లో ఏడెనిమిది పోయినా పర్లేదంట, ఒకటి పండితే మొత్తం వచ్చేస్తదంట. ఇదే లెక్క మా బ్యాంకు మేనేజరుకి చెప్పి క్రాప్ లోన్ అడిగా, ఆయన మంచినీళ్ళు తెప్పించి కాసేపు కూర్చోబెట్టాడు. పైగా ఫండు నడిపేవోళ్ళకి మామూలుగా ఫండు సొమ్ములో ఏటా 2 శాతం ఫీజు, లాభమొస్తే అందులో 20 శాతం, నష్టమొస్తే ఆ ఫీజు వెనక్కిచ్చే పని లేదు. మన కమీషన్ ఏజెంట్లు వింటే ఏడుస్తారు, ఇన్నేళ్ళూ అమాయకంగా బతికామే అని. ఆఫీసు జాగాలు అద్దెకిచ్చే వీవర్క్ అనే కంపెనీని 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లకి లెక్కగట్టారు, అదే ఏడు పబ్లిక్ ఇష్యూకి తెస్తే మార్కెట్టు నోబిడ్ అనేసింది, 2023 నవంబర్లో దివాలా. లో గ్రేడుని బ్రైట్ గ్రేడు కింద చూపించే విద్య మన జిల్లాదే అనుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాం!

అందుకని ప్రభుత్వానికి నా సూచన ఏందంటే, పొగాకు బోర్డు బ్యారన్‌కి (ఆకు ఆరబెట్టే కొట్టుకి) ఇన్ని కిలోలని పర్మిషన్ ఇస్తది కదా, అట్టానే షేర్ మార్కెట్టుని అదుపు చేసే సెబీ కూడా స్టార్టప్‌కి ఇన్ని ఏఐలని కోటా పెట్టాలి, దాటితే పెనాల్టీ. లేకపోతే 2025లో నల్లబర్లీ పొగాకుకి ఏమైందో చూశాం గదా, ముందేడు రేటొచ్చిందని అందరూ అదే వేస్తే చివరికి రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సొచ్చింది, చాట్‌బాట్లని మార్క్‌ఫెడ్ కొనదు, కొన్నా గోడౌన్లో ఎక్కడ పెడతది?

ఈలోపు ఇన్వెస్టర్లు ఎవురైనా ట్రైనింగుకి కొండపి రావాలనుకుంటే నేను దగ్గరుండి చూపిస్తా, ఏసీ ఉండదు, పొగాకు ఘాటుకి తుమ్ములొస్తాయి, టీ మనదే. ఫీజు ఏటా 2 శాతం, లాభమొస్తే 20.