ప్రమోషన్ వద్దన్నాడు

పోయిన ఏడాది రివ్యూలప్పుడు ఇక్కడ అమెరికాలో మా టీమ్‌లో ఒక కుర్రాడికి ప్రమోషన్ ఖాయమైంది. గుంటూరు వైపు వాడు, మంచి పనిమంతుడు. శుభవార్త చెబుదామని పిలిచాను. విని, చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి, "ఈ ఏడాదికి వద్దన్నా" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"పెర్మ్ వేసి ఉంది కదన్నా. టైటిల్ మారితే మళ్లీ మొదటి నుంచి చేయాలంటున్నారు. నాకు హెచ్-1బి వర్క్ వీసాలో ఐదో ఏడు నడుస్తోంది."

పెర్మ్ అంటే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ లేబర్ శాఖకి పెట్టే మొదటి దరఖాస్తు. మళ్లీ చేయాలని ఎవరన్నారంటే ఫ్రెండ్స్ అన్నాడు. హెచ్ఆర్‌ని అడిగావా అంటే, "అడిగితే ఏమనుకుంటారో" అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఉద్యోగులకు తృప్తి కలిగించడానికి ఇక్కడి కంపెనీలు చాలా మార్పులు చేశాయి. అడోబీ 2012లో ఏడాదికోసారి జరిగే రివ్యూలు ఎత్తేసింది. జనాన్ని వరుసలో నిలబెట్టి ర్యాంకులిచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో మానేసింది. మంచి పనులే, కాదనను. కానీ హెచ్-1బి మీద ఉన్న మనవాడి మనసులో ఉండే ప్రశ్న వేరు: నా గ్రీన్‌కార్డ్ ఎప్పుడు మొదలుపెడతారు? ఏటా హెచ్ఆర్ పంపే సర్వేల్లో ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ కనపడలేదు.

హెచ్-1బి మామూలుగా 6 ఏళ్లు. పెర్మ్ తర్వాత కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందితే, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నంత కాలం ఆ తర్వాత కూడా పొడిగించుకోవచ్చు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశంలో పుట్టినవారికైనా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల, ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు. ఆ క్యూలో మన చోటు చాలామందికి కంపెనీ పెర్మ్ వేసిన రోజుతోనే ఖాయమవుతుంది. అంటే హెచ్ఆర్ ఒక ఏడాది ఆలస్యం చేస్తే ఒక మనిషి బతుకులో ఏడాది వెనక్కి పోయినట్టే. చేరిన ఆరు నెలలకే మొదలుపెట్టే కంపెనీలున్నాయి, మూడేళ్లు ఆగమనేవీ ఉన్నాయి. ఏదైనా సరే, ఆఫర్ లెటర్‌లోనే ఎందుకు రాయరు?

తెలియకపోవడం వల్ల పడే టెన్షన్ ఇంకో రకం. పెర్మ్ లాయర్ ఫీజు, ఖర్చులు కంపెనీయే భరించాలని 2007 నుంచి రూలుంది. అయినా ఆ డబ్బు జీతంలో కోయించుకుని నోరు మెదపనివాళ్లు నాకు తెలుసు. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, అంతమాత్రాన క్యూలో మన చోటు చెప్పే తేదీ, అదే ప్రయారిటీ డేట్, పోదు. 2017 రూల్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు ఇచ్చిందీ ఆ రూల్సే. ఇది తెలియక, ఇష్టంలేని చోటే ఏళ్లకేళ్లు పడి ఉన్నవాళ్లున్నారు. కొందరి దగ్గర తమ ఐ-140 కాపీ కూడా ఉండదు, అడిగితే అది కంపెనీ కాగితమంటారు. కనీసం రిసీట్ నంబరైనా ఇవ్వడానికి అభ్యంతరమేమిటో నాకు అర్థం కాదు.

హెచ్ఆర్‌నే అని ప్రయోజనం లేదు. ఇక్కడి మన తెలుగు సంఘంలో మేనేజర్లు, డైరెక్టర్లు అయినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఈ క్యూలో మనమూ నిలబడ్డాం. మన కింద పనిచేసేవాళ్ల ఫైలు ఎక్కడుందో మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు, ఆ కుర్రాడు వద్దనేదాకా.

మర్నాడు ఇద్దరం కలిసి హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ లాయర్‌కి మెయిల్ పెట్టింది, రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఐ-140 వచ్చేదాకా టైటిల్ ఆపుదాం, జీతం ఇప్పుడే పెంచొచ్చు. ఆ తర్వాత కొత్త హోదాకి మళ్లీ పెర్మ్ వేయాల్సి వచ్చినా పాత డేట్ అలాగే ఉంటుంది. అదంతా హెచ్ఆర్ తన పేరుతో రాసిచ్చింది. ఆ కుర్రాడు ఆ కాగితం ప్రింట్ తీసి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, ఇంటికెళ్లి వాళ్లావిడకి చూపించాలని.