ఫ్లెక్సీ టైమింగ్స్ గారికి, తమరు కోసిన హాఫ్ డే విషయమై

మహారాజశ్రీ ఫ్లెక్సీ టైమింగ్స్ గారి దివ్య సముఖమునకు,

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏడో అంతస్తున, కిటికీకి దూరంగా, ఏసీకి ఎదురుగా కూర్చునే ఒక సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు, అదే 'వీలైన టైముకి వచ్చి వెళ్లొచ్చు' అన్న ఆ మాట, ఆఫర్ లెటర్ రెండో పేజీలో, హెల్త్ ఇన్సూరెన్సుకీ ఫ్రీ స్నాక్సుకీ మధ్య చల్లగా ఉన్నారని తలుస్తాను. ఆ పేజీ దాటి తమరు బయటికి రాగా చూసినవాళ్లు మా ఫ్లోర్‌లో ఎవరూ లేరు.

తమరి తరఫున పోర్టల్ పంపిన మెయిల్ ఈ ఉదయం అందింది. అక్టోబరులో నా స్వైప్ యావరేజ్, అంటే గేటు దగ్గర కార్డు గీసిన లెక్కన నేను లోపలున్న సగటు, రోజుకి తొమ్మిది గంటల కంటే తగ్గిందట. అందులో ఒకరోజు నాలుగున్నర గంటలు కూడా నిండలేదు గనుక సగం రోజు సెలవు కోశారట. ఇది సిస్టమ్ పంపిన మెయిల్ కాబట్టి దీనికి జవాబివ్వొద్దని కూడా కింద సన్నక్షరాల్లో సెలవిచ్చారు. పెద్దల మాట కాదనడం ఎందుకు? మెయిల్‌కి జవాబివ్వడం లేదు, నేరుగా తమరికే రాస్తున్నాను.

ఆ రోజు మా అమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుడికంట్లో శుక్లం తీసి వారమైంది, చెకప్‌కి మూడింటికి రమ్మన్నారు. సంగతి చెబితే మా మేనేజర్ గారు "దానికి పర్మిషన్ ఎందుకండీ? మన దగ్గర ఫ్లెక్సీ కదా, వెళ్లిరండి" అన్నారు. ఎంత చల్లని మాట! పొద్దున తొమ్మిదీ యాభైకి గేటు లోపలికొచ్చిన నేను సరిగ్గా రెండింటికి గేటు బయటికెళ్లాను.

అమ్మ కంట్లో చుక్కలు వేసి, అరగంట కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఆ అరగంటలోనే ఫోన్ మోగింది. "రెండే రెండు నిమిషాలు, క్విక్ కాల్" అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాలంటే ఎంతో తమరికి చెప్పక్కర్లేదు. వరండా చివర మంచినీళ్ల కుళాయి పక్కన నిలబడి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవిని నర్సమ్మ పిలిచే టోకెన్ నంబరుకి అప్పగించి, ఫెయిలయిన బిల్డ్ గురించి మాట్లాడాను. కళ్లు మూసుకున్న మా అమ్మ, చీర కొంగుతో చెంప మీద కారిన మందు తుడుచుకుంటూ, "మన నంబరేనేమో చూడవే" అని నాలుగుసార్లు అంది. మన నంబరే. అది దాటిపోయింది. మళ్లీ క్యూలో చివర.

ఇంటికొచ్చి అమ్మకి అన్నం పెట్టి ఎనిమిదిన్నరకి అమెరికాలో డల్లాస్ వాళ్ల స్టాండప్‌లో, అంటే రోజువారీ మీటింగులో, కూర్చున్నాను. ఆ తర్వాత ప్రొడక్షన్ రిలీజ్. లాప్‌టాప్ మూసేసరికి పదకొండున్నర. ఆ రోజు తొమ్మిది గంటలు నిండాయని నేను అనను. కానీ తమరి లెక్కలో ఆ రోజు నేను చేసిన పని నాలుగు గంటల పది నిమిషాలు. హాఫ్ డేకి ఇరవై నిమిషాలు తక్కువ. కుళాయి పక్కన మాట్లాడింది లేదు, రాత్రి మూడు గంటలు లేవు. ఎందుకంటే అప్పుడు నేను గేటు బయట ఉన్నాను.

మేనేజర్ గారిని అడిగాను. "అది సిస్టమ్ జనరేటెడ్ అండీ, హెచ్ఆర్‌ని అడగండి" అన్నారు. హెచ్ఆర్‌కి టికెట్ పెడితే "మీ మేనేజర్ రెగ్యులరైజ్ చేస్తే మాకేం అభ్యంతరం లేదు" అని, అంటే హాజరు సరిదిద్దితే చాలని రాసి, 'రిజాల్వ్డ్' అని మూసేశారు. రెగ్యులరైజేషన్ పేజీ తెరిచాను. కారణం ఎంచుకోమని ఒక జాబితా ఉంది: ఐడీ కార్డు మరిచిపోయారా, క్లయింట్ దగ్గరికెళ్లారా, ట్రెయినింగా, స్వైప్ మెషీన్ పాడైందా. రాత్రి పనిచేశాను అన్న కారణం ఆ జాబితాలో లేదు. ఐడీ కార్డు మరిచిపోయానని అబద్ధమాడితే నా సగం రోజు నాకు తిరిగొస్తుంది. నిజం చెప్పుకోవడానికి మాత్రం ఆ పేజీలో జాగా లేదు.

ఇంతకీ తమరి పుట్టుపూర్వోత్తరాలు ఏమిటా అని చదివాను. తమరు పుట్టింది పశ్చిమ జర్మనీలో, 1967లో. మ్యూనిక్ పక్కన ఒట్టోబ్రున్‌లో విమానాలూ రాకెట్ల పనీ చేసే ఒక కంపెనీ ఉండేది. జనమంతా ఒకే టైముకి వచ్చి ఒకే టైముకి వెళ్తుంటే గేటు ముందు కార్లు బారులు తీరేవట. అప్పుడు, ఎవరికి వీలైన టైముకి వాళ్లు రండి, మధ్యలో కొన్ని గంటలు మాత్రం అందరూ ఉండండి, నెల తిరిగేసరికి గంటలు సరిపోతే చాలు అన్నారు. అంటే తమరు అవతరించిందే ట్రాఫిక్ జామ్ తప్పించడానికి. అలాంటి తమరు బయోడైవర్సిటీ జంక్షన్ దాకా వచ్చి, పొద్దున తొమ్మిదిన్నరకి ఆ ఫ్లైఓవర్ కింద నిలబడి ఒక్కసారైనా చుట్టూ చూశారా? ఆ బారులో ఉన్నవాళ్లందరి ఆఫర్ లెటర్లలోనూ తమరే ఉన్నారు.

తమరి కంటే పోలీసులు నయం. 2023 జులై వానలకి రోడ్లు చెరువులైతే, సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలకి విడతలవారీగా లాగౌట్ టైములు ఇచ్చారు. ఈ రోడ్డు వాళ్లు మూడింటికి బయల్దేరండి, ఆ రోడ్డు వాళ్లు నాలుగున్నరకి అని. తమరి పని ఖాకీ బట్టలవాళ్లు చేయాల్సి వచ్చింది. వాన వెలిసింది, తమరు మళ్లీ రెండో పేజీలోకి వెళ్లిపోయారు.

సాయంత్రం పూట మా గేటు దగ్గరికి ఒకసారి దయచేయండి. పని అయిపోయినవాళ్లు అక్కడ కనిపిస్తారు. వెళ్లరు. బ్యాగు భుజాన వేసుకుని, ఫోన్‌లో పోర్టల్ తెరిచి పెట్టుకుని, ఎనిమిది గంటల నలభై ఏడు నిమిషాలు, నలభై ఎనిమిది, అని చూస్తూ ఉంటారు. అక్కర్లేని టీ ఇంకొకటి తాగుతారు. తొమ్మిదో గంట నిండగానే అందరూ ఒక్కసారి కార్డులు గీస్తారు, సెక్యూరిటీ అన్న "ఒక్కొక్కరు రండి సార్, ఒక్కొక్కరు" అని మొత్తుకుంటాడు. ఇంజినీరింగ్ చదివి, అల్గారిథమ్‌లు రాసి, పెద్ద పెద్ద సిస్టమ్‌లు నడిపే మనుషులు టీ కప్పు పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ పదమూడు నిమిషాల్లో కంపెనీకి ఒరిగింది ఏమిటో అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ అవి లెక్కలోకి వస్తాయి. అదే మనిషి ఇంటికెళ్లి, అన్నం ముందు కూర్చుని, ఎడమ చేత్తో సర్వర్ రీస్టార్ట్ చేస్తే అది లెక్కలోకి రాదు.

ఇక డల్లాస్ సంగతి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఎండాకాలంలో వాళ్ల పొద్దున పది మనకి రాత్రి ఎనిమిదిన్నర. మొన్న ఆదివారం నుంచి తొమ్మిదిన్నర. వాళ్లకి ఆ రోజు ఒక గంట ఎక్కువ నిద్ర దక్కింది. ఆ గంట ఎక్కడి నుంచి వచ్చిందంటారు? మియాపూర్‌లో, నిజాంపేటలో, బాచుపల్లిలో రాత్రి పదింటికి ఆర్పాల్సిన లైట్ల నుంచి వచ్చింది. నాలుగు నెలలపాటు రోజూ వస్తూనే ఉంటుంది. ఈ మార్పు గురించి ఎవరూ మమ్మల్ని అడగరు. మీటింగు ఇన్వైట్ దానంతటదే ఒక గంట కిందికి జారుతుంది. మా అమ్మకి ఇదంతా చెబితే, "గడియారం వాళ్లది మారితే అన్నం టైము మనది మారడమేంటే?" అంది. ఏళ్లుగా ఆ మీటింగుల్లో కూర్చున్న ఆర్కిటెక్టులు ఎవరికీ తట్టని ప్రశ్న.

అటుపక్క ఉన్నదీ మనవాళ్లే, అదింకో ముచ్చట. గుంటూరు జిల్లా అబ్బాయి. కాల్ మొదట్లో "సారీ అక్కా, మీకు లేట్ అవుతున్నట్టుంది" అని తప్పకుండా అంటాడు. మనసున్నవాడు. అనేసి స్క్రీన్ షేర్ చేస్తాడు.

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాటలు 2025 జనవరిలో బయటికొచ్చాయి, ఆయన 90 దాకా వెళ్లి, ఆదివారాలు ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తూ కూర్చుంటారని కూడా అడిగారు. దేశమంతా వాళ్లని తిట్టింది, నేనూ తిట్టాను. ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పెద్దమనుషులు ఒక అంకె చెప్పారు. అంకె ఉంటే తిట్టొచ్చు, బేరమాడొచ్చు. మీరు ఏ అంకే చెప్పరు. 'అవసరాన్ని బట్టి' అంటారు. ఆ అవసరం ఎప్పుడూ నాది కాదు.

ప్రభుత్వమూ అంకె చెప్పింది. 2025 జులైలో తెలంగాణలో జీవో వచ్చింది: వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా, వారానికి 48 దాటకుండా, దాటితే ఓవర్‌టైమ్. నా పే స్లిప్పులో ఓవర్‌టైమ్ అన్న గడి ఎక్కడుందో చూపించండి. ప్రొఫెషనల్ ట్యాక్స్ గడి ఉంది, పీఎఫ్ గడి ఉంది, ఎప్పుడో ఆర్డర్ చేసిన టీషర్టు తాలూకు గడి కూడా ఉంది.

మీ మంచి అసలు లేదని అనను. 2020 మార్చిలో అందరూ లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఊళ్లకి పోయినప్పుడు మీరు కొన్నాళ్లు నిజంగానే కనిపించారు. మా ఊళ్లో వసారాలో కుర్చీ వేసుకుని పనిచేశాను. పదకొండింటికి ఒక గంట ఆపి అమ్మతో కలిసి ఆవకాయ ముక్కలు కోస్తే ఎవరూ కిక్కురుమనలేదు, సాయంత్రానికి కోడ్ అందింది, రిలీజ్ ఆగలేదు. ఇప్పటికీ బుధవారం వర్క్ ఫ్రమ్ హోమ్ నాడు గ్యాస్ బండ అబ్బాయి వస్తే తలుపు తీయగలుగుతున్నాను. దానికి మీకు రుణపడి ఉన్నాను. కానీ అప్పుడు ఇంట్లోకి వచ్చిన లాప్‌టాప్ మళ్లీ ఆఫీసుకి పూర్తిగా వెళ్లనేలేదు. నన్ను మాత్రం ఆఫీసుకి పిలిచారు, గేటు దగ్గర కార్డు గీయమన్నారు. రాత్రి పని ఇంట్లోనే ఉండిపోయింది, పగటి వీలు ఒక్కటే పోయింది.

చూడు, ఇక మర్యాదలు చాలు. నువ్వు మా అమ్మ పేరు చెప్పి నన్ను బయటికి పంపావు. వెళ్లిరండి అన్నావు. తిరిగొచ్చేలోపు జేబులో చెయ్యి పెట్టావు. ఇంటర్వ్యూకి వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ నిన్నే చూపిస్తున్నారు, పెళ్లిచూపుల్లో అద్దెకి తెచ్చిన నగలాగా. పిల్లలున్నవాళ్లు నిన్ను నమ్మి చేరుతున్నారు. స్కూల్ బస్సు టైముకి లేచి వెళ్లే అమ్మాయిని చూసి "హాఫ్ డేనా?" అని నవ్వుతున్నది నీ నీడలో కూర్చున్నవాళ్లే. ఆ అమ్మాయి రాత్రి పన్నెండింటికి కోడ్ రాసి చేసిన కమిట్ మీద టైమ్ ఉంది, తేదీ ఉంది, పేరు ఉంది. అది నీకు కనబడదు. గేటు దగ్గర ఎర్రలైటు, పచ్చలైటు మాత్రమే కనబడతాయి.

నాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. రాత్రి గంటలు లెక్కపెట్టు, లేదా పగటి గంటలు లెక్కపెట్టడం మానెయ్. రెండింట్లో ఏదైనా సరే, నాకు పట్టింపు లేదు. అక్టోబరులో కోసిన సగం రోజు మాత్రం వెనక్కి పడాలి. ఐడీ కార్డు మరిచిపోయానని నేను రాయను. కార్డు నా మెడలోనే ఉంది. ఆసుపత్రిలో కూడా మెడలోనే ఉంది, నర్సమ్మ నా పేరు దాని మీదే చదివి "మీరేనా అమ్మా, ఇందాక పిలిస్తే రాలేదు?" అంది.

ఈ లోపల నా వంతుగా ఒక చిన్న పని చేశాను. తొమ్మిదిన్నర స్టాండప్ ఇన్వైట్, రేపటి నుంచి రావలసినవన్నీ, డిక్లైన్ చేశాను. కారణం రాయమంటే ఇలా రాశాను: 'ఆ టైముకి నేను గేటు బయట ఉంటాను. మన పోర్టల్ ప్రకారం గేటు బయట పని జరగదు.'

మేనేజర్ గారి నుంచి అప్పుడే మెసేజ్ వచ్చింది. క్విక్ కాల్ అట, రెండు నిమిషాలు. టీ తాగి చేస్తాను, ఇంకా గేటు లోపలే ఉన్నాను కాబట్టి ఆ టీ కూడా లెక్కలోకి వస్తుంది.

ఇట్లు,
ఎంప్లాయీ నంబరు నీ దగ్గరే ఉంది, పేరు పోర్టల్‌కి అక్కర్లేదు.